విగ్రహం వెనక ఉన్న జిన్నా

గుంటూరులోని జిన్నా టవర్ గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు గత సంచికలో జవాబు రాస్తూ, ఆ పేరు మార్చాలని జరిగిన ఆందోళననూ, 2022 ఫిబ్రవరిలో ఆ కట్టడానికి మూడు రంగులు వేసిన సంగతినీ ప్రస్తావించాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది టవర్ సంగతి వదిలేసి, ఆ పేరు గల మనిషి గురించి అడిగారు. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: జిన్నా అనగానే దేశ విభజన తప్ప మాకు మరేమీ తెలియదు. ఆయనకు ఇల్లూ వాకిలీ, భార్యాబిడ్డలూ ఉండేవారా? ఇంట్లో ఆయన ఎలాంటి మనిషి? (ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు)

జవాబు: జిన్నా కరాచీలో ఒక గుజరాతీ ఖోజా (ముస్లింలలో ఒక తెగ) వ్యాపారి ఇంట పెద్ద కొడుకుగా పుట్టారు. ఆయన పుట్టినరోజుగా పాకిస్థాన్ జరుపుకునేది 1876 డిసెంబరు 25. వారి పూర్వీకుల ఊరు గుజరాత్‌లోని కాఠియావాడ్ ప్రాంతపు పానేలీ. చదువుకోసం ఇంగ్లండు వెళ్తానంటే, అక్కడ ఏ దొరసానినో పెళ్లాడి వస్తాడేమోనని తల్లి మీఠీబాయి భయపడి, పదహారేళ్లు నిండకముందే ఎమీబాయి అనే బంధువుల అమ్మాయితో పానేలీలోనే పెళ్లి జరిపించింది. కుర్రవాడు ఓడెక్కి వెళ్లాడు. అతను లండన్‌లో ఉండగానే ఇక్కడ ఆ అమ్మాయీ పోయింది, తల్లీ పోయింది. భార్యతో నిలిచి కాపురం చేసిందే లేదు, తల్లి కడచూపూ దక్కలేదు. తర్వాతి కాలంలో ఆయన గురించి చెప్పే ‘మంచుగడ్డలాంటి మనిషి’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఈ రెండు చావులూ గుర్తొస్తాయి.

లండన్‌కు వెళ్లింది నిజానికి ఒక వర్తక సంస్థలో పని నేర్చుకోవడానికి. అది నచ్చక లింకన్స్ ఇన్ అనే న్యాయవిద్యా సంస్థలో చేరి, 1896లో బారిస్టరు పట్టా పుచ్చుకున్నారు. మధ్యలో మరో ముచ్చట కూడా ఉంది. షేక్‌స్పియర్ నాటకాలంటే ఆయనకు ప్రాణం. ఒక నాటక కంపెనీ వారికి పద్యాలు చదివి వినిపించి, ఒప్పందం మీద సంతకం చేసేంతవరకు వెళ్లారు. ఓల్డ్ విక్ రంగస్థలంపై రోమియో వేషం కట్టాలన్నది ఆయన కోరిక. ఆ సంగతి తెలిసి, కుటుంబానికి ద్రోహం చేయవద్దంటూ తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. వ్యాపారం దెబ్బతిని అప్పుల్లో ఉన్న తండ్రి మాటను కాదనలేక ఆ సరదాను అక్కడితో కట్టిపెట్టారు. ఆ ఒంటికంటి అద్దం, ఆ నడక, వాక్యం మధ్యలో ఎక్కడ ఆగాలో తెలిసిన ఆ గొంతు, కోర్టులోనూ సభల్లోనూ చివరిదాకా ఆయన వెంటే ఉన్నాయి.

ఇంట్లో ఎలాంటి మనిషి అన్నారు కదా. బొంబాయిలో కొంతకాలం ఆయన కారు నడిపిన వ్యక్తి, విభజన తర్వాత ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటోకు కొన్ని సంగతులు చెప్పాడు. వాటిలో బిలియర్డ్స్ ఆట గురించి చెప్పింది నాకు బాగా నచ్చుతుంది. కర్ర చేతపట్టుకున్న జిన్నా బంతిని ఒకవైపు నుంచి చూసి, బల్ల చుట్టూ తిరిగి మరోవైపు నుంచి చూసి, కోణం కుదిరిందని రూఢి చేసుకున్నాక గానీ కొట్టేవారు కాదట. దెబ్బ సరిగ్గా తగిలితే మాత్రం ముఖంలో గెలిచిన పిల్లవాడి నవ్వు కనిపించేదట.

ప్రశ్న: మా హైదరాబాదులో ఉన్న సరోజినీ నాయుడు గారికీ జిన్నా దంపతులకూ గాఢమైన స్నేహం ఉండేదని విన్నాను. నిజమేనా? ఆయన రెండో పెళ్లి కథ కూడా వివరంగా చెప్పగలరా? (ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాదు)

జవాబు: నిజమే. జిన్నా అంతరంగం గురించి మనకు తెలిసినదాంట్లో అత్యంత విలువైన భాగం హైదరాబాదు నాయుడు కుటుంబం ద్వారానే దక్కిందని నేను నమ్ముతాను. 1918లో మద్రాసులోని గణేష్ అండ్ కంపెనీ జిన్నా ప్రసంగాల సంపుటి వేసినప్పుడు దానికి పరిచయం రాసింది సరోజినీదేవే. ఆయనను హిందూ ముస్లిం ఐక్యతకు రాయబారిగా నిలిపిన పుస్తకం అది. పైకి కనిపించే బిగువు, దర్పం వెనక ఉత్సాహం నిండిన అమాయకమైన మానవత్వం ఉందనీ, ఆడవాళ్లకుండే సున్నితమైన గ్రహింపు, పసిపిల్లలకుండే హాస్యం ఉన్నాయనీ ఆమె అందులో రాశారు. ఆ ముఖాన్ని దగ్గరనుంచి చూసినవాళ్లు చాలా తక్కువమంది.

ఇక పెళ్లి సంగతి. బొంబాయి పార్సీ కోటీశ్వరుడు సర్ దిన్షా పెటిట్ జిన్నాకు స్నేహితుడు. 1916 వేసవిలో డార్జిలింగ్‌లో వారి విడిదికి వెళ్లినప్పుడు, పెటిట్ కూతురు రతన్‌బాయితో జిన్నాకు సాన్నిహిత్యం ఏర్పడింది. అందరూ ఆమెను రట్టీ అని పిలిచేవారు. మతాంతర వివాహాల మీద మీ అభిప్రాయమేమిటని జిన్నా ఒకరోజు పెటిట్‌ను అడిగారట. అవి జాతీయ ఐక్యతకు మేలు చేస్తాయని ఆయన అన్నారు. అయితే మీ అమ్మాయిని నాకిచ్చి చేయండన్నారు జిన్నా. పెటిట్ మండిపడి, మేజరయ్యేదాకా తన కూతుర్ని కలవకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చారు. పద్దెనిమిదేళ్లు నిండాక రట్టీ పుట్టిల్లు వదిలి, ఇస్లాం స్వీకరించి, 1918 ఏప్రిల్ 19న జిన్నాను పెళ్లాడింది. పార్సీ సమాజం ఆమెను వెలివేసింది.

దీన్ని కేవలం ప్రేమకథగా చెప్పి ముగించడం నాకు ఇష్టం లేదు. డార్జిలింగ్ నాటికి ఆమెకు పదహారేళ్లు, ఆయనకు దాదాపు నలభై. తోటి వయసువాళ్లంతా ఒక్కసారిగా దూరమైన చోట, పొద్దున లేచింది మొదలు కాగితాలూ కక్షిదారులూ సభలే లోకమైన మనిషి ఇంట ఆ పిల్ల ఎంత ఒంటరితనం అనుభవించిందో, ఆమె నాయుడు గారి కూతుళ్లు పద్మజకూ లీలామణికీ రాసిన ఉత్తరాలు చెబుతాయి. ఈ ప్రమాదాన్ని సరోజిని పెళ్లినాడే పసిగట్టారు. మిత్రుడు సయ్యద్ మహమూద్‌కు రాసిన ఉత్తరంలో, ఆ బిడ్డ ఎంత పెద్ద త్యాగం చేసిందో ఆమెకే ఇంకా తెలియదన్నారు. అదే ఉత్తరంలో, జిన్నా అందుకు తగినవాడే, ఆమెను ప్రేమిస్తున్నాడు, తనలో తాను మునిగివుండే ఆ స్వభావంలో నిజంగా మానవీయమైన భావన అదొక్కటే అని కూడా అన్నారు. మెచ్చుకోలూ మందలింపూ రెండూ ఉన్న ఆ మాటలను మించి జిన్నా దాంపత్యాన్ని అంచనా వేసిన మాటలు నాకు ఎక్కడా కనిపించలేదు.

తొలి సంవత్సరాలు మాత్రం వాళ్లిద్దరికీ నిజంగా మంచి రోజులే. బొంబాయి గవర్నరు విల్లింగ్‌డన్ ఇంటి విందులో రట్టీ వేసుకున్న దుస్తులు చూసి, ఆమెకు చలివేస్తుందేమో శాలువా తెచ్చివ్వమని గవర్నరు భార్య ఆజ్ఞాపించగా, చలివేస్తే నా భార్యే అడుగుతుందంటూ జిన్నా లేచి ఆమెను తీసుకుని బయటికి నడిచారని బొంబాయిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1918 డిసెంబరులో అదే గవర్నరుకు స్మారకం పెట్టే సభను టౌన్ హాలులో అడ్డుకున్నప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టు 14 అర్ధరాత్రి దాటాక లండన్‌లో కూతురు దీనా పుట్టింది.

ప్రశ్న: భార్య చనిపోయాకే ఆయన మనసు రాయి అయిందనీ, ఆ కక్షతోనే దేశాన్ని చీల్చాడనీ ఒక ప్రసంగంలో విన్నాను. ఇందులో నిజమెంత? (ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కర్నూలు)

జవాబు: భార్య మరణం ఆయనను కుంగదీసిన మాట నిజం. దానివల్ల దేశం చీలిందన్నది మాత్రం నిజం కాదు. ఈ రెండింటినీ ముడిపెట్టడం వినడానికి బాగుంటుంది కానీ, తేదీలు దానికి సాక్ష్యం చెప్పవు.

1928 నాటికి రట్టీ ఇల్లు వదిలి బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో ఉంటోంది. జబ్బు చేసి పారిస్‌లో ఆస్పత్రి పాలైతే జిన్నా వెళ్లి, ఆమె కోలుకునేదాకా పక్కనే ఉన్నారు. అయినా కాపురం మళ్లీ అతకలేదు. ఆ అక్టోబరులో ఓడ ఎక్కబోతూ మార్సెయిల్స్ నుంచి ఆమె ఆయనకు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: నన్ను మీరు కాలితో తొక్కిన పువ్వుగా కాక, చేత్తో కోసుకున్న పువ్వుగా గుర్తుంచుకోవడానికి ప్రయత్నించండి. 1929 ఫిబ్రవరి 20న, సరిగ్గా తన ఇరవై తొమ్మిదో పుట్టినరోజున ఆమె చనిపోయింది.

కబురందే వేళకు జిన్నా ఢిల్లీలో ఉన్నారు. బొంబాయి మజ్‌గావ్‌లోని ఖోజా శ్మశానంలో అంత్యక్రియలు గంటలకొద్దీ సాగాయి. మిత్రుడు కాంజీ ద్వారకాదాస్ ఆయన పక్కనే కూర్చున్నారు. ఆయన రాసినదాని ప్రకారం, జిన్నా మొదట బిగుసుకుపోయి మౌనంగా ఉన్నారు. తర్వాత ఉన్నట్టుండి శాసనసభలో తాను చేస్తున్న పని గురించి గబగబా మాట్లాడటం మొదలుపెట్టారు. శవాన్ని దించి, దగ్గరి బంధువుగా మొదటి పిడికెడు మట్టి వేయమన్నప్పుడు మాత్రం తట్టుకోలేక చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. అప్పటికి ఆయన దగ్గర జూనియరుగా పనిచేసిన ఎం.సి. ఛాగ్లా కూడా, జిన్నాలో మానవ సహజమైన బలహీనత తనకు కనిపించింది ఆ ఒక్కసారే అని రాశారు. ఇంతకుముందు చెప్పిన డ్రైవరు మాటల్లోనే ఇంకొకటి ఉంది. అప్పుడప్పుడు ఒక ఇనుప పెట్టె తెరిపించి, అందులోని రట్టీ బట్టలూ, దీనా బట్టలూ పరిపించి, ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడేవారట. తర్వాత కంటి అద్దం తీసి తుడుచుకుని వెళ్లిపోయేవారట.

ఇక రాజకీయం. కాంగ్రెసుకూ ముస్లిం లీగ్‌కూ మధ్య 1916 లక్నో ఒప్పందాన్ని కుదిర్చిన జిన్నా, 1920 డిసెంబరు నాగపూర్ సభలో గాంధీజీ పంథాతో విభేదించి కాంగ్రెసుకు దూరమయ్యారు. అప్పటికి పెళ్లయి మూడేళ్లయినా నిండలేదు. మోతీలాల్ నెహ్రూ సంఘం భారత రాజ్యాంగం మీద ఇచ్చిన నెహ్రూ నివేదికకు జిన్నా కోరిన సవరణలను కలకత్తాలో జరిగిన సర్వపక్ష సమావేశం తోసిపుచ్చింది 1928 డిసెంబరులో, అంటే రట్టీ బతికుండగానే. మరుసటి మార్చిలో ఆయన ముస్లింల హక్కుల కోసం పద్నాలుగు సూత్రాలు ప్రకటించడంతో, చావునూ సూత్రాలనూ జతచేసే అలవాటు పుట్టింది. ఆ తర్వాత ఆయన కొన్నేళ్లు రాజకీయాలు తగ్గించుకుని లండన్‌లో స్థిరపడ్డారు. 1937 ఎన్నికల తర్వాత సంయుక్త రాష్ట్రాల్లో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) మంత్రివర్గాల ఏర్పాటు మీద వచ్చిన వివాదం, లీగ్‌కు పెరిగిన బలం, ముస్లింలకు వేరు రాజ్యాలు కోరిన 1940 లాహోరు తీర్మానం, 1946లో అధికార బదిలీకి బ్రిటిష్ మంత్రులు తెచ్చిన క్యాబినెట్ మిషన్ పథకాన్ని మొదట ఒప్పుకుని తర్వాత కాదనడం, ఆ ఆగస్టు 16న, లీగ్ పిలుపునిచ్చిన ప్రత్యక్ష చర్య దినం నాడు కలకత్తా వీధుల్లో పారిన రక్తం, వీటన్నింటికీ రాజకీయ కారణాలున్నాయి, రాజకీయ బాధ్యులున్నారు. అందులో జిన్నా బాధ్యత చిన్నది కాదు. శ్మశానంలో ఏడ్చిన మనిషి మీద జాలిపడటానికీ, 1946లో పార్టీని నడిపిన నాయకుణ్ణి నిలదీయడానికీ మధ్య నాకేమీ వైరుధ్యం కనిపించదు. ఒకదానితో ఇంకొకదాన్ని మాఫీ చేయబోయినప్పుడే చిక్కు వస్తుంది.

ప్రశ్న: కూతురు మతాంతర వివాహం చేసుకుంటే జిన్నా ఆమెను పూర్తిగా కాదనుకున్నారని అంటారు. తానూ అదే పని చేసిన మనిషి అలా ఎలా చేయగలిగారు? (ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ప్రశ్నలోని నొప్పి న్యాయమైనదే. 1938లో దీనా, పార్సీ మూలాలున్న నెవిల్ వాడియా అనే పారిశ్రామికవేత్తను పెళ్లాడింది. దేశంలో లక్షలాది ముస్లిం యువకులుండగా నీకు ఇతనే దొరికాడా అని తండ్రి అడిగితే, లక్షలాది ముస్లిం యువతులుండగా మీరు మా అమ్మను ఎందుకు చేసుకున్నారు నాన్నా అని కూతురు అడిగిందని ఛాగ్లా రాశారు. తానొకప్పుడు దిన్షా పెటిట్‌ను అడిగిన ప్రశ్నే ఇరవై రెండేళ్లకు జిన్నా ముందుకొచ్చింది. ఆయన కూడా పెటిట్ లాగే కాదన్నారు. ఇందులో ఆయనను సమర్థించడానికి నాకేమీ కనిపించదు.

అయితే ‘పూర్తిగా కాదనుకున్నారు’ అన్నది కాగితాల ముందు నిలవదు. ఆయన వీలునామా తేదీ 1939 మే 30, అంటే ఆ పెళ్లి జరిగాకే. అందులో కూతురి కోసం 2 లక్షల రూపాయలు విడిగా పెట్టి, దాని వడ్డీ నుంచి నెలకు 1000 రూపాయల చొప్పున ఆమె జీవితాంతం ఇవ్వాలని రాశారు. కోపం పెట్టుకున్నా, బిడ్డ బతుకుకు లోటు రాకూడదనుకునే తండ్రి మనకు తెలియనివాడేమీ కాదు. అదే వీలునామాలో అలీగఢ్ విశ్వవిద్యాలయానికీ, కరాచీలో తాను చదివిన సింధ్ మద్రసాకూ, పెషావర్ కళాశాలకూ వాటాలున్నాయి. బొంబాయి విశ్వవిద్యాలయానికి 50,000 కూడా ఉంది. పాకిస్థాన్ వచ్చాక కూడా ఆయన ఆ వీలునామాను మార్చలేదు.

లండన్ రోజుల్లో పదమూడేళ్ల దీనా, తండ్రి టర్కీ నాయకుడు అతాతుర్క్ జీవిత చరిత్రను వదలకుండా చదువుతున్నాడని, ఆ పుస్తకం పేరే పెట్టి ఆయనను ‘గ్రే వోల్ఫ్’ అని ఆటపట్టించేది. 1947 ఏప్రిల్‌లో ఆమె బొంబాయి నుంచి ‘ప్రియమైన నాన్నా’ అంటూ పాకిస్థాన్ సాధించినందుకు అభినందిస్తూ రాసిన ఉత్తరం నేటికీ ఉంది. తండ్రి బతికుండగా ఆమె పాకిస్థాన్ వెళ్లలేదు. 1948 సెప్టెంబరులో అంత్యక్రియలకు వెళ్లింది. మళ్లీ 2004లో క్రికెట్ మ్యాచ్ సందర్భంగా వెళ్లి, కరాచీలో తండ్రి సమాధిని చూసింది. 2017 నవంబరు 2న, 98 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూసింది.

ప్రశ్న: జబ్బును ఆయన అంత రహస్యంగా ఎలా ఉంచగలిగారు? (ఒక వైద్య విద్యార్థి, వరంగల్లు)

జవాబు: నోరు మెదపని డాక్టరూ, నీడలా వెంట ఉన్న చెల్లెలూ దొరకడం వల్ల. 1946లో ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి క్షయ ముదిరిందని గుర్తించిన బొంబాయి పార్సీ వైద్యుడు జాల్ పటేల్ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. తెలిసివుంటే విభజనను వాయిదా వేసేవాణ్ణని చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ తర్వాత అన్నారు. నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. 1945-46 ఎన్నికల్లో కేంద్ర శాసనసభలోని 30 ముస్లిం స్థానాలనూ గెలుచుకున్న లీగ్ అప్పటికి ఒక్క మనిషి ఊపిరి మీద నడిచే దశ దాటింది.

ఆయన చెల్లెలు ఫాతిమా కలకత్తాలో దంతవైద్యం చదివి, 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ పెట్టుకున్న మనిషి. వదిన పోయాక దాన్ని మూసేసి, అన్న ఇంటికి వచ్చేసింది. ఈ త్యాగాన్ని పొగిడేవాళ్లు ఆ మూసేసిన క్లినిక్ సంగతి కూడా చెబితే బాగుంటుంది. చివరి రోజుల్లో బలూచిస్తాన్‌లోని జియారత్ కొండల్లో చికిత్స చేసిన డాక్టర్ ఇలాహీ బక్ష్, రోగి పట్టు పైజామాలు చలికి ఆగవని కరాచీ నుంచి వెచ్చని గుడ్డ తెప్పించారు. అప్పటికి పాకిస్థాన్ గవర్నరు జనరల్ అయిన జిన్నా ఆ బిల్లు సంగతి విని, ఏ వస్తువుకైనా డబ్బు ఖర్చుపెట్టేముందు అది నిజంగా అవసరమా అని రెండుసార్లు ఆలోచించుకోండి డాక్టర్ అని మందలించారట. 1948 సెప్టెంబరు 11న విమానంలో కరాచీకి తెస్తే, మౌరీపూర్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వస్తూ అంబులెన్సు దారిలో చెడిపోయింది. మరో బండి వచ్చేదాకా గంటసేపు ఆ ఉక్కలో, ముఖం మీద వాలే ఈగలను ఫాతిమా, నర్సు వంతులవారీగా అట్టముక్కతో తోలుతూ కూర్చున్నారు. ఆ రాత్రే ఆయన చనిపోయారు.

ప్రశ్న: ఒక దేశాన్ని స్థాపించిన మనిషి ఇంటి గుట్టు ఇలా తవ్వడం అమర్యాద కాదా? (ఒక పాఠకుడు, కడప)

జవాబు: పాకిస్థాన్ ప్రభుత్వాలు అలాగే అనుకున్నాయి. వారే కోరి బ్రిటిష్ రచయిత హెక్టర్ బొలైతోతో రాయించిన జీవిత చరిత్ర 1954లో వెలువడే ముందు, అందులో కొన్ని భాగాలు తీసేయించారు. 1984లో అమెరికా చరిత్రకారుడు స్టాన్లీ వోల్పర్ట్ రాసిన గ్రంథంలో జిన్నా తినే తిండి, తాగే పానీయం ప్రస్తావన ఉన్నందుకు సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఫాతిమా తన అన్న గురించి రాసుకున్న పుస్తకం ఆమె పోయిన ఇరవై ఏళ్లకు, 1987లో అచ్చయినప్పుడు, జియారత్‌కు ప్రధాని లియాఖత్ అలీఖాన్ వచ్చిన సందర్భం గురించిన పేరాలు అందులో లేవు. సొంత చెల్లెలి మాటకే కత్తెర వేశారంటే, వాళ్లు కాపాడాలనుకున్నది ఆయన గౌరవాన్ని కాదు, తమకు పనికొచ్చే ఒక బొమ్మను. మనవైపు జరిగింది కూడా వేరేమీ కాదు. మనకు దుర్మార్గుడి బొమ్మ కావాలి కనుక శ్మశానంలో ఏడ్చిన మనిషిని పాఠ్యపుస్తకాల దరిదాపులకు రానివ్వలేదు. అమర్యాద అంటే పుకార్లు పోగుచేయడం. ఉత్తరాలూ, వీలునామా, పక్కన కూర్చున్నవాళ్లు రాసిపెట్టిన మాటలూ చదవడం అమర్యాద కాదు.

ప్రశ్న: ముంబైలో ఆయన ఇల్లు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉంది? (ఒక ప్రవాస పాఠకుడు, మస్కట్)

జవాబు: కేంద్ర ప్రభుత్వం చేతుల్లో. మలబార్ హిల్‌లో 1936లో ఇటలీ పాలరాయితో కట్టించుకున్న ఆ ఇంటిని క్లాడ్ బాట్లే అనే వాస్తుశిల్పి రూపొందించారు. విభజన తర్వాత దాన్ని ఏం చేయమంటారని నెహ్రూ తరఫున అడిగిన భారత హైకమిషనర్ శ్రీప్రకాశ్‌తో, నా గుండె పగలగొట్టవద్దని జవాహర్‌లాల్‌కు చెప్పండి, ఆ ఇంటిని ఇటుకా ఇటుకా పేర్చి కట్టుకున్నాను అని జిన్నా బతిమాలుకున్నారు. ఇవ్వక తప్పకపోతే ఏదైనా చిన్న యూరోపియన్ కుటుంబానికో, అభిరుచిగల సంస్థానాధీశుడికో అద్దెకివ్వమని కోరారు. ఆ తర్వాత చాలాకాలం అందులో బ్రిటిష్ దౌత్యాధికారి అద్దెకున్నారు. పాకిస్థాన్ తన కాన్సులేటు కోసం ఆ ఇంటిని పలుమార్లు అడిగింది, భారత ప్రభుత్వం ఇవ్వలేదు. 2007లో దీనా వాడియా బొంబాయి హైకోర్టుకు వెళ్లి, ఖోజాలకు వారసత్వ విషయంలో ఆచారంగా వర్తిస్తూ వచ్చింది హిందూ ధర్మశాస్త్రమే గనుక, ఏకైక సంతానంగా ఆ ఇల్లు తనదేనని వాదించారు. ఆమె మరణించాక ఆ కేసును కొడుకు నుస్లీ వాడియా కొనసాగిస్తున్నారు.